గట్టు మీద మూడో స్టవ్వు

నేను ఒక ఇండక్షన్ స్టవ్వుని. ఈ మాట చెప్పుకోవడానికి కూడా నాకు జంకే. మన ఇళ్ళలో పొయ్యి అంటే మంట కనపడాలి. మంట లేనిదాన్ని పొయ్యి అనడానికి చాలామందికి నోరు రాదు. నన్ను మొదటిసారి చూసినవాళ్ళలో సగంమంది "ఇందులో మంటేదీ?" అంటారు. మిగతా సగంమంది రెండడుగులు వెనక్కి వేసి "షాకు కొట్టదు కదా?" అంటారు. నల్ల గాజుపలక, దాని కింద రాగితీగ చుట్ట, ఒక చిన్న ఫ్యాను, ముందువైపు వరసగా గుర్తులు, ఎర్ర అంకెలు వెలిగే చిన్న గడి. నా ఒళ్ళంతా ఇంతే.

స్వభావం మాత్రం మహా పిరికిది. తప్పు నాది కాదు, నన్ను చేసినవాళ్ళే అలా చేశారు. గిన్నె నచ్చకపోతే కీచుమని ఆగిపోవాలి. ఓల్టేజీ పడిపోతే కీచుమని ఆగిపోవాలి. పెరిగినా అంతే. లోకంలో ఏ కష్టమొచ్చినా నాకు నేర్పిన జవాబు అదొక్కటే. ఇంత పిరికిదాన్ని నమ్ముకుని ఒకావిడ తన బతుకంతా నా మీద పెట్టింది. ఆ పది రోజులూ నేను పడ్డ కంగారు పగవాళ్ళకి కూడా వద్దు బాబూ.

నేను పుట్టింది ఒక పెద్ద రేకుల షెడ్డులో. నన్ను బిగించినవాళ్ళు ఎవరో ఒకరు కాదు, వరసగా నిలబడ్డ పాతికమంది. ఒకరు తీగ చుడితే ఒకరు ఫ్యాను పెట్టారు, ఇంకొకరు గాజు అతికించారు. చివర్లో ఒకమ్మాయి నా మీద గిన్నెడు నీళ్ళు పెట్టి, మరిగాక పారబోసి, బాగానే ఉందని చీటీ అంటించింది. ఆ గిన్నెడు నీళ్ళే చాలాకాలం వరకూ నేను చేసిన మొత్తం వంట.

ఎందుకంటారా? నన్ను కొన్నాయన వండుకోవడానికి కొనలేదు, పెళ్ళిలో చదివించడానికి కొన్నాడు. ఆ పెళ్ళివాళ్ళు నన్ను అటక మీద పెట్టి, ఇంకో పెళ్ళికి ఇంకో రంగు కాయితం చుట్టి పట్టుకెళ్ళారు. ఆ రెండో పెళ్ళివాళ్ళు ఒక గృహప్రవేశానికి పట్టుకెళ్ళారు. ఆ గృహప్రవేశంలో ఎవరో ఉత్సాహం ఆపుకోలేక అక్కడే కాయితాలన్నీ చించేస్తే, అడుగున మొదటాయన పేరున్న చీటీ బయటపడింది. ఆయన పక్క బంతిలోనే కూర్చుని పులిహోర తింటున్నాడు! తలెత్తి నన్ను చూసి, మళ్ళీ తల దించుకుని తినడంలో మునిగిపోయాడు పాపం. ఇంతమంది చేతులు మారినా ఒక్కరూ నా ప్లగ్గు గోడకి పెట్టలేదు. నేను పనికిరానిదాన్నేమోనన్న దిగులు అప్పుడు పట్టుకుంది నాకు.

ఆ గృహప్రవేశం చేసినాయన కాకినాడలో బస్సు డ్రైవరు. ఆయనతో పాటు డ్యూటీ చేసే గవర్రాజు అనే డ్రైవరుకి కరెంటు స్టవ్వు కావలసి వచ్చిందని విని, "మా ఇంట్లో ఒకటి పడుంది, పట్టుకుపో" అన్నాడు. అలా ఒక శుక్రవారం పొద్దున్న బైకు ట్యాంకు మీద కూర్చుని గవర్రాజు ఇంటికి వచ్చాను.

గవర్రాజు భార్య మాణిక్యం. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. పిల్లలు లేరు. ఐదేళ్ళుగా ఆమెకి చూపు కొద్దికొద్దిగా పోయింది. ముందు పక్కలనుంచి తగ్గి, గొట్టంలోంచి చూసినట్టయి, చివరికి వెలుగుకీ చీకటికీ తేడా మాత్రం మిగిలింది. అయినా ఆవిడ వంట మానలేదు. ఆవాలు చిటపటలాడితే చెవితో, ఉల్లిపాయ మగ్గితే ముక్కుతో తెలుసుకునేది. గ్యాసు పొయ్యి కట్టేశాక, పొయ్యి మీద చెయ్యి పెట్టి ఇనప కాళ్ళు ఎక్కడున్నాయో తడుముకుని, రెండో గిన్నె దాని మీద కుదురుగా పెట్టేది. పెట్టాకే మళ్ళీ వెలిగించేది. ఆవిడ పద్ధతి అది.

నేను రావడానికి రెండు నెలల ముందు ఒకరోజు ఆమె పైట కొంగుకి మంట అంటుకుంది. పెద్దగా ఏం కాలేదు, ఆవిడే బిందెడు నీళ్ళు గుమ్మరించుకుని ఆర్పేసుకుంది. కానీ డ్యూటీ నుంచి వచ్చి ఆ కాలిన చీర చూసిన గవర్రాజుకి అప్పణ్ణుంచి నిద్ర పట్టలేదు. డ్యూటీకి వెళ్ళేముందు సిలిండరు రెగ్యులేటరు ఊడదీసేవాడు. అది చాలదన్నట్టు లైటరు ఖాకీ చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కేవాడు. తెల్లారగట్ల లేచి తనే అన్నం, ఒక కూర వండేవాడు. మనిషి బంగారం, చేతి వంట మాత్రం దేవుడే దిక్కు. మాణిక్యం ఆ మెత్తటి అన్నం చల్లారాక తినేది, ఒక్క మాట అనేది కాదు. పగలంతా వంటగదిలోకి వచ్చి పోపులపెట్టె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేసేది.

ఇంతలో గవర్రాజుకి ఒకటో తారీఖు నుంచి హైదరాబాదు సర్వీసు వేశారు. వెళ్తే రెండు రోజులకి గానీ ఇంటికి రాడు. తునిలో అతని అక్క సత్యవేణి ఉంది. భర్త పోయాడు, కుట్టుమిషను నేర్పుకుంటూ ఒక్కతే ఉంటోంది. ఆవిడ ఫోన్లో ఒకటే పోరు.

"ఒరేయ్, దాన్ని నా దగ్గరికి పంపించెయ్‌రా. కాలు కింద పెట్టనివ్వను. కూర్చోబెట్టి పెడతాను."

ఆ కూర్చోబెట్టి పెడతాననే మాటే మాణిక్యం గుండెల్లో గుచ్చుకుంది. నేను వచ్చిన పొద్దున్నే మొగుడి చెయ్యి పట్టుకుని అంది:

"ఏవండీ, వదినగారు మంచివారే. కాదన్ను. కానీ అక్కడికెళ్తే నేను మళ్ళీ ఈ జన్మలో గరిటె పట్టుకోను. ఎవరో పిలిస్తే లేచి, పెడితే తిని, మళ్ళీ కూర్చోవాలి. అలా బతకలేనండీ. పది రోజులు టైమివ్వండి. మంట లేని స్టవ్వు మీద నేర్చుకుంటాను. రాకపోతే నేనే సంచి సర్దుకుంటాను."

గవర్రాజు సరేనన్నాడు. నన్నొక్కదాన్నే నమ్మలేక, మర్నాటికల్లా డిపోలో కనపడ్డవాడినల్లా ఏ కరెంటు స్టవ్వు మంచిదని అడిగాడు. ఎవరింట్లో ఏది ఉంటే వాళ్ళు అదే మంచిదన్నారు. ఇంట్లో ఏదీ లేనివాళ్ళు మరీ గట్టిగా చెప్పారు. పాపం అతనికి తల తిరిగిపోయి, తెలిసినవాళ్ళింట్లోంచి ఒక కాయిల్ స్టవ్వు అడిగి తెచ్చాడు, ఎలక్ట్రికల్ షాపులోంచి ఒక ఇన్‌ఫ్రారెడ్ స్టవ్వు, చూసి నచ్చకపోతే వెనక్కిచ్చేస్తానని చెప్పి తెచ్చాడు. ఇద్దరి పక్కన గట్టు మీద మూడోదాన్ని నేను. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టే ఉంది. ఆ ఇద్దరినీ చూసేసరికి నాకు ఆశ సగం చచ్చింది.

ముందు కాయిల్ స్టవ్వు, పైన తీగ చుట్టే ఎర్రగా కాలే రకం. దానికి తిప్పే గుండీ ఉంది. మాణిక్యం వేళ్ళకి అది తగలగానే మొహం విప్పారింది. "ఇదిగోనండీ, టక్కుమంటోంది. ఎంత తిప్పానో తెలుస్తోంది!" అంది. ఆ రోజు టమాటా పప్పు వండింది. నేను ఇంక అటక మీదికేననుకున్నాను. పప్పు దించి, గుండీ కట్టేసి, చారు గిన్నె పెట్టడానికి పాత అలవాటు కొద్దీ పొయ్యి మీద వేళ్ళు ఆన్చింది. గ్యాసు అయితే కట్టేస్తే కాసేపటికి చల్లారుతుంది. కాయిల్ అలా కాదు, కట్టేశాక కూడా పావుగంట కోపం పోదు దానికి. మూడు వేళ్ళు బొబ్బలెక్కాయి. అరుపు విని గవర్రాజు పరిగెత్తుకొచ్చి, ఆ చెయ్యి నీళ్ళలో పట్టుకుని తను ఏడ్చాడు. కాయిల్ స్టవ్వు సాయంత్రానికి దాని ఇంటికి అది వెళ్ళిపోయింది.

తరవాత ఇన్‌ఫ్రారెడ్, పైన గాజు పలకే ఎర్రగా కాలే రకం. దానికీ గుండీ ఉంది. పైగా ఏ గిన్నె పెట్టినా ఒప్పుకునే గుణం. మాణిక్యం అత్తగారిచ్చిన ఇత్తడి గిన్నె పెడితే ఇంచక్కా వండి పెట్టింది. రెండు రోజులు ఇల్లంతా ఘుమఘుమలే. ఈసారి మాణిక్యం జాగ్రత్త పడింది, కట్టేశాక దాని మీద చెయ్యి వెయ్యలేదు. మూడో రోజు వంట అయ్యాక గట్టు తుడిచి, మసిగుడ్డ మడిచి గట్టు మీద పెట్టాననుకుంది. గట్టు నునుపు, ఆ స్టవ్వు గాజూ నునుపే. గుడ్డ పడింది కట్టేసినా ఇంకా ఆరని ఎర్రటి గాజు మీద. పొగ వచ్చింది. ఎదురింటి జరీనా, ఫ్యాన్సీ షాపు నడుపుకునే మనిషి, పొగ వాసనకి పరిగెత్తుకొచ్చి బాల్చీ నీళ్ళు పోసింది. గాజు టప్పుమని పగిలింది. గవర్రాజు డిపో నుంచి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. వెనక్కిస్తానన్న స్టవ్వుకి షాపువాడికి ఖరీదు కట్టి ఇచ్చేసి వచ్చాడు.

మిగిలింది నేను.

బుధవారం పొద్దున్న మాణిక్యం కందిపప్పు కడిగి, అదే ఇత్తడి గిన్నెలో పోసి నా మీద పెట్టింది. గవర్రాజు స్విచ్చి వేసి, నా గుర్తు నొక్కి, స్నానానికి వెళ్ళాడు. ఇత్తడి నాకు పడదు. అడుగున అయస్కాంతానికి అంటుకునే ఇనుమో, స్టీలో ఉంటేనే నాకు చేతనవుతుంది. అది చెప్పడానికి నాకు నోరేదీ? కీచుమన్నాను. మళ్ళీ కీచుమన్నాను. మాణిక్యం "అదిగో, మొదలైంది" అనుకుని సంతోషంగా కూర అరటికాయ తరుక్కుంటూ కూర్చుంది. నేను అరిచీ అరిచీ ఆగిపోయాను. ఎర్ర గడిలో తప్పు గుర్తు వెలిగింది, అది ఎవరు చూడాలి? అరగంటకి ఆమె గిన్నె అంచు ముట్టుకుంది. చల్లగా ఉంది. "ఇది చచ్చిపోయిన స్టవ్వండీ" అంది. నిజంగా చచ్చిపోతే బాగుండుననిపించింది నాకు.

గవర్రాజు తల తుడుచుకుంటూ వచ్చి, ఎర్ర గడి చూసి, ఒక స్టీలు గిన్నె పెట్టి చూపించాడు. నీళ్ళు మరిగాయి. "ఇదిగో, ఇక్కడ నొక్కాలి, ఇక్కడ పెంచాలి, ఇక్కడ తగ్గించాలి" అని ఆమె వేలు పట్టుకుని చూపించాడు. వదిలేశాక ఆమె తడిమింది. నా మొహం మీద ఏముంది? పైనుంచి కిందిదాకా ఒకటే గాజు, గుర్తులు గాజు లోపల. ఆమె వేలు జారుతూ వెళ్ళి పెంచే గుర్తు తాకింది, గడియారం గుర్తు తాకింది, తాళం గుర్తు తాకింది. వేలు తగిలితే చాలు నేను పలుకుతాను, అది నా ఖర్మ. చివరికి తాళం పడిపోయి, ఎంత నొక్కినా పలకడం మానేశాను.

"అద్దం మీద నీకేం తెలుస్తుందే!" అని గవర్రాజు తల పట్టుకున్నాడు. అక్కడే నిలబడి తునికి ఫోను చేశాడు. "అక్కా, ఆదివారం వచ్చి తీసుకెళ్ళిపో" అన్నాడు. మాణిక్యం గట్టుకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. కాలిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను కాస్త వేరే రకంగా పుట్టి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు. సిగ్గుతో కుంచించుకుపోయాను.

మర్నాడు పొద్దున్నే జరిగిందండీ అసలు సంగతి. మాణిక్యానికి అద్దంతో పని తీరిపోయి మూడేళ్ళయింది. అయినా రోజూ మొహం కడుక్కునే ముందు నుదుటి బొట్టుబిళ్ళ తీసి ఆ అద్దానికే అంటించేది, తరవాత వేళ్ళతో వెతికి తీసి పెట్టుకునేది. చూపున్న ఆడవాళ్ళు చేసేదే కదా, అలవాటు పోలేదు. ఆ పొద్దున అద్దం మీద బొట్టు దొరికిన వేలు అక్కడే ఆగిపోయింది. నేను వంటగదిలో ఉన్నాను, ఇదంతా తరవాత ఆమె జరీనాకి చెప్తుంటే విన్నాను.

"అద్దం మీద నాకేం తెలుస్తుందన్నారే ఆయన. రోజూ తెలుస్తూనే ఉంది కదే నాకు! జరీనా, నీ దగ్గర బొట్టుబిళ్ళలు ఎన్ని రకాలున్నాయో అన్నీ పట్రా."

జరీనా డబ్బాడు తెచ్చి గట్టు మీద బోర్లించింది. రాళ్ళ బొట్టు, గుండ్రటి బొట్టు, పొడుగు నామం బొట్టు. మాణిక్యం ఒక్కోటీ వేళ్ళ మధ్య నలిపి చూసి ఎంచింది. వెలిగించి, కట్టేసే గుర్తుకి రాళ్ళది. పెంచడానికి గుండ్రటిది. తగ్గించడానికి పొడుగుది. కొత్త స్టవ్వు తెస్తే పసుపు కుంకుమ పెడతారని విన్నాను. నాకు ఇన్నేళ్ళలో ఎవరూ పెట్టలేదు. ఆ రోజు మూడు బొట్లు ఒక్కసారే పెట్టారు.

పెట్టారు గానీ పని జరగలేదు. జరీనా సరిగ్గా గుర్తుల మీదే అంటించింది. మాణిక్యం వేలు పొడుగు బొట్టు కోసం వెతుకుతూ ముందు రాళ్ళ బొట్టుకి తగిలింది. నేను ఠక్కున ఆగిపోయాను. మళ్ళీ వెలిగించి వెతికితే గుండ్రటిది తగిలి వేడి పెరిగింది. "అక్కా, దీన్ని ముట్టుకుంటే చాలు పేటంతా వినపడేలా అరుస్తోంది" అని జరీనా పకపకా నవ్వింది. మాణిక్యం నవ్వలేదు. గాజు కిందివైపు అంచు వెంట వేలితో తడిమి చూసింది. ఆదివారానికి ఇంక మూడు రోజులే. నా లోపల ఫ్యాను ఊరికే తిరిగేస్తోంది.

"గుర్తు మీద కాదే, గుర్తు కింద అంటించు" అంది చివరికి. "గాజు అయిపోయాక అంచు ఉంటుంది చూడు, అక్కడ. ముందు అక్కడ వేలు ఆనిస్తాను. అదేనని తేల్చుకున్నాక గోరంత పైకి జరుపుతాను."

జరీనా పీకి, కిందికి అంటించింది. మాణిక్యం వేలు అంచు వెంట నడిచింది. నేను పలకలేదు, పలకాల్సిన పని లేదు కదా! పొడుగు బొట్టు దగ్గర ఆగింది. గోరంత పైకి జరిగింది. ఒక్కసారి కీచుమన్నాను. ఒక్కసారి, అనుకున్న చోట. నేను ఎప్పుడు మొదలుపెట్టినా ఒకే వేడి దగ్గర మొదలవుతాను, అక్కణ్ణుంచి మూడు కూతలు తగ్గితే వేపుడు, నాలుగు తగ్గితే పప్పు అని సాయంత్రానికి ఆవిడ లెక్క కట్టేసుకుంది. నా పిరికి కూత ఒకరికి దారి చూపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

గిన్నెల సంగతి జరీనాయే తేల్చింది. షాపులో ఒక చేతిసంచీ నుంచి ఊడిపోయిన అయస్కాంతం బిళ్ళ తెచ్చి ఒక్కో గిన్నె అడుగునా పెట్టి చూసింది. పద్నాలుగు గిన్నెల్లో అంటుకున్నవి నాలుగే: ఇనప పెనం, అడుగు చదునుగా ఉన్న ఇనప మూకుడు, రెండు స్టీలు గిన్నెలు. ఇత్తడి గిన్నె దగ్గర అయస్కాంతం జారి కింద పడింది. "ఇంకోసారి చూడవే" అంది మాణిక్యం. ఇంకోసారి చూసినా పడింది. ఆవిడ దాన్ని పమిటతో తుడిచి, చెయ్యి అందని పై అరలో పెట్టించింది.

శుక్రవారం పప్పు మాడింది. శనివారం మాడలేదు. గవర్రాజు తిన్నాడు, బాగుందన్నాడు. కానీ అక్కని రావద్దని మాత్రం చెప్పలేదు. మాణిక్యం అడిగితే తన బాధ చెప్పుకున్నాడు.

"రెండు పూటలు చూసి నమ్మమంటే ఎలా నమ్ముతానే? నేను యాభైమందిని ఎక్కించుకుని స్టీరింగు దగ్గర ఉంటాను. నా కళ్ళు రోడ్డు మీద ఉండాలా, నీ మీద ఉండాలా? అక్కని చూడనీ. అక్క సరేనంటే సరే. వద్దంటే మాత్రం నాతో వాదించకు."

మాణిక్యం సరేనంది. అంటే ఇంక తీర్పు సత్యవేణిది.

ఆదివారం తొమ్మిదింటికే దిగింది ఆవిడ. గొంతు గుమ్మం దగ్గర ఉండగానే వంటగదిలోకి వచ్చేసే మనిషి. చేతిలో ఖాళీ పెద్ద సంచి ఒకటి, తన చిన్న సంచి ఒకటి. వస్తూనే మాణిక్యం వేళ్ళ మీద బొబ్బలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చాలమ్మా నీ వంటలూ పెంటలూను. పద, మధ్యాన్నం బండికి పోదాం."

"వెళ్దాం వదినగారూ. ముందు భోంచేసి వెళ్దాం. నేను వండుతాను, మీరు పీట వేసుకుని ఇక్కడే కూర్చోండి" అంది మాణిక్యం. అంటూనే నా అంచు వెంట వేలు నడిపి, మూడు బొట్లూ ఉన్నాయో లేవో చూసుకుంది.

దోసకాయ పప్పు మొదలైంది. గవర్రాజు వెనకాలే నిలబడి, తప్పటడుగుల పిల్ల వెనక నిలబడ్డట్టు రెండు చేతులూ చాపి ఉంచాడు. సత్యవేణి కాసేపు చూసి, "ఒరేయ్, దాని మీద పడేలా ఉన్నావు. అవతలికి పో" అని కసిరింది. అతను గుమ్మం దాకా పోయి అక్కడ ఆగాడు. పప్పు ఉడికింది. పోపు పడింది. దించి, మూకుడు పెట్టి, నూనె పోసి, చెవి వంచి వింది. బెండకాయ ముక్కలు వేసింది. మూడు కూతలు తగ్గించింది. అంతా బాగుంది. అంతా బాగుంటే నాకు ఎక్కువ భయం.

అనుకున్నంతా అయింది. నాలో ప్రాణం ఠక్కున పోయింది.

"కరెంటు పోయిందండీ" అంది మాణిక్యం.

"ఎక్కడే? ఫ్యాను తిరుగుతుంటేనూ!" అన్నాడు గవర్రాజు. పట్టపగలు, లైట్లు లేవు. పై ఫ్యాను ఇంకా జోరుగానే తిరుగుతోంది. సత్యవేణి తలెత్తి చూసింది. చూస్తుండగానే ఫ్యాను నెమ్మదించి, రెక్కలు విడివిడిగా కనపడి, ఆగింది.

"స్టవ్వులో చిన్న ఫ్యాను చప్పుడు ఆగిపోయింది" అని మాణిక్యం మామూలుగా చెప్పి, పట్టకారు తడుముకుని తీసుకుని, మూకుడు పక్కకి దించింది.

"అదే నేను చెప్పేది! సగంలో కరెంటు పోతే ఏం చేస్తుంది ఇది?" అన్నాడు గవర్రాజు. "నోర్ముయ్‌రా కాసేపు" అంది అక్క. బెండకాయలు నూనెలో చల్లారుతున్నాయి. నేను ఒంట్లో చుక్క ప్రాణం లేకుండా పడి ఉన్నాను. అసలే నాకు కరెంటు పోతే మతి పోతుంది, ఎంత వేడి మీద ఉన్నానో, ఏం చేస్తున్నానో ఏదీ గుర్తుండదు. అది మాణిక్యానికి తెలుసా? నేర్చుకున్న మూడు రోజుల్లో ఒక్కసారి కూడా కరెంటు పోలేదే! పాత వేడే ఉందనుకుని మళ్ళీ మూడు తగ్గించకుండా పెట్టేస్తే వేపుడు బొగ్గు. బొగ్గయితే తుని.

ఎంతసేపో అయింది. కరెంటు వచ్చింది. కీచుమన్నాను.

మాణిక్యం తొందరపడలేదు. వేలు రాళ్ళ బొట్టు మీద ఆన్చి, మూకుడు పెట్టి, గోరంత పైకి జరిపి వెలిగించింది. పొడుగు బొట్టు దగ్గరికి వెళ్ళి ఒకటి, రెండు, మూడు. "కరెంటు పోతే మతిమరుపొస్తుంది కాబోలు దీనికి. పోయి వచ్చినప్పుడు మొదటిసారి స్విచ్చి వేసినప్పటిలాగే కూసింది" అంది, ఎవరూ అడక్కుండానే. ఓరి దేవుడా, నా భాష నాకంటే బాగా తెలిసిపోయింది ఈవిడకి!

పన్నెండింటికి అక్కాతమ్ముళ్ళు భోజనాలకి కూర్చున్నారు. మాణిక్యం వడ్డించింది. సత్యవేణి పప్పు మారు వేయించుకుంది. వేపుడు మారు వేయించుకుంది.

"ఉప్పు రవ్వంత తగ్గింది" అంది.

"మీకు బీపీ కదా వదినగారూ. కావాలనే తగ్గించాను."

గవర్రాజు అన్నం కెలుకుతూ ఆగాడు, ఆగాడు, ఇంక ఆగలేకపోయాడు. "ఏమంటావక్కా?"

"నన్నేమడుగుతావురా? కళ్ళున్న నీకు కరెంటు పోయిందని తెలియలేదు, నాకూ తెలియలేదు. దానికి తెలిసింది. నువ్వు నిశ్చింతగా బస్సు తోలుకో."

గవర్రాజు తల వంచుకుని గబగబా అన్నం కలిపాడు. మాణిక్యం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. గెలిచింది. కానీ సత్యవేణి చెయ్యి కడుక్కుని వచ్చి, ఖాళీ సంచి మడత పెడుతూ వంటగది గుమ్మంలో కూలబడినట్టు కూర్చుంది. పెద్ద గొంతు చిన్నదైపోయింది.

"వీధి గది సున్నం వేయించానే నీ కోసం. మంచం కూడా వేయించాను. నీకు చేసిపెట్టాలనీ ఏం కాదులే. కుట్టు పిల్లలు సాయంత్రం వెళ్ళిపోతే మళ్ళీ పొద్దున దాకా మాట్లాడ్డానికి మనిషుండదు. నువ్వొస్తావు కదా అనుకున్నాను. ఏదో, నా పిచ్చి."

మాణిక్యం గరిటె గట్టు మీద పెట్టి, గోడ పట్టుకుంటూ వచ్చి ఆమె పక్కన కింద కూర్చుంది. తడుముకుని చిన్న సంచి దగ్గరికి లాగింది.

"ఇందులో చీరలెన్నున్నాయి వదినగారూ?"

"ఒకటుంది. ఎందుకే?"

"ఒకటి చాలు, ఉతుక్కోవచ్చు. మీ తమ్ముడుగారు హైదరాబాదు వెళ్ళినన్ని రోజులూ ఇక్కడ ఉండిపోండి. కుట్టు పిల్లలకి ఓ రెండు రోజులు సెలవిచ్చి. మిమ్మల్ని కాలు కింద పెట్టనివ్వను. కూర్చోబెట్టి పెడతాను."

నా ప్లగ్గు తీసేసి ఉంది, కీచుమనే యోగం కూడా లేదు నాకు. ఉంటే గొంతు చించుకుని అరిచేదాన్ని, ఊఁ అనమ్మా, ఒక్కసారి ఊఁ అను అని. సత్యవేణి ముక్కు చీదుకుంది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. సంచి మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది.

"అయితే సాయంత్రం ఏం వండుతావే?" అంది.